హద్దు దాటిన మేడికొమ్మ

రొట్టెలమ్మ ఎండాకాలంలో రావడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. చలి ముదిరే ముందు ఒకసారి, కోతలైన తర్వాత ఒకసారి, రెండు గాడిదల మీద మూటలేసుకుని వచ్చేది. ఇంటింటికీ తిరిగి రొట్టెలూ ఉన్ని బట్టలూ పంచి, కాసేపు మాట్లాడి వెళ్ళిపోయేది. అలాంటిది ఈసారి మిట్టమధ్యాహ్నం, ఒక్క గాడిదతో, తలమీద ముసుగు కూడా సరిగ్గా కప్పుకోకుండా వీధి మలుపు తిరిగింది.

గోడ నీడలో కూర్చుని కుండకి మెరుగు పెడుతున్న కుమ్మరి ముందుగా చూశాడు. చేతిలోని గులకరాయి ఆపి, పక్కింటి గుమ్మంలో నిలబడ్డ వడ్రంగి భార్యతో గొంతు తగ్గించి అన్నాడు.

"కొడుక్కి బాగోలేదన్నమాట."

"నీకెలా తెలుసన్నా?"

"బాగుంటే ఈ ఎండలో ఎందుకొస్తుందమ్మా? మన అందమైన మొహాలు చూడ్డానికా?"

ఆ వీధిలో ప్రతి ఇంటికీ ఒక చావు ఉంది. ఎవరూ కావాలని చంపినవాళ్ళు కారు. కుమ్మరి మిద్దెమీద ఆరబెట్టిన జాడీ ఒకటి దొర్లి కింద నడుస్తున్న మనిషి మీద పడింది. ఇంకొకతను నిచ్చెన దింపుతుంటే చెయ్యి జారింది. చచ్చినవాడి దగ్గరి బంధువు పగ తీర్చుకోవాలి, అది అతని హక్కు, అతని మీద ఉన్న బరువు కూడా. అయితే చేతి పొరపాటున ప్రాణం తీసినవాడు ఈలోపు పరుగెత్తి ఈ ఆశ్రయపురంలోకి వచ్చి పడితే, పెద్దలు విచారించి లోపల ఉండనిస్తారు. ఊరి చుట్టూ హద్దు రాళ్ళున్నాయి. రాళ్ళకి లోపల అతన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుని చంపితే చంపినవాడికీ చావే. రాయి దాటి బయటికి వస్తే మాత్రం చంపినవాడిని అడిగే నాథుడు లేడు.

ఈ కాపలా బతుక్కి ఒకటే ముగింపు. దేవుని మందిరంలో ప్రధాన యాజకుడు కన్నుమూసిన రోజున పగలన్నీ తీరిపోయినట్టే. పారిపోయి వచ్చినవాళ్ళు ఇళ్ళకి పోవచ్చు. ఇక ఎవరూ వాళ్ళ జోలికి రాకూడదు. అందుకని ఊరిలో ఉన్నవాళ్ళంతా పైకి చెప్పకపోయినా ఒక మనిషి చావు కోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తుంటారు. ఆ మనిషిని కన్న తల్లే రొట్టెలమ్మ. తన కొడుకు చావాలని ఎవరూ ప్రార్థించకుండా ఉండాలని ఆమె రొట్టెలు చేసి తెస్తుంది.

వీధిలో మూట విప్పి రొట్టెలమ్మ మొదట కుమ్మరి చేతిలో రొట్టె పెట్టింది.

"మా అబ్బాయికి జ్వరం నాయనా. మంచం దిగడంలేదు. వాడి కోసం ఒక మాట అడుగు."

"నా గురించి దిగులుపడకు పెద్దమ్మా. నేను దేవుణ్ణి అడిగినవి ఏవీ ఇంతవరకూ దొరకలేదు" అన్నాడు కుమ్మరి. ముసలావిడ నవ్వబోయి నవ్వలేకపోయింది.

తర్వాత వడ్రంగి గుమ్మం ముందు ఆగింది. పెద్ద రొట్టె ఒకటి ఏరి తీసి ఇచ్చింది. పిండి పిసికిన ఆ చేతుల వేళ్ళు కణుపుల దగ్గర వాచి ఉన్నాయి.

"నువ్వు కూడా అడుగుతావు కదమ్మా?"

వడ్రంగి భార్య రొట్టె అందుకుంది.

"నోటితో చెప్పు తల్లీ. ఒక్క మాట."

ఆమె రొట్టెను కొంగులో కట్టుకుంటూ తల వంచుకుంది. అబద్ధం చెప్పడం రాదని కాదు. ఈ ముసలావిడ కళ్ళు చూస్తూ చెప్పడం రాలేదు. పొద్దున లేవగానే ఆమె అడిగేది ఒకటే, ఆ జ్వరం లాంటిది ఏదో ఒకటి త్వరగా రావాలని. వచ్చింది. రొట్టెలమ్మ కాసేపు చూసి, గాడిదను అదిలించి పక్కింటికి నడిచింది.

వడ్రంగి భార్య కష్టం ఆ వీధిలో మిగతావాళ్ళ కష్టం కంటే ఒక మెలిక ఎక్కువ. ఆమె పెద్దన్నా, ఆమె భర్తా చిన్నప్పటి నుంచి జోడీ. ఇద్దరూ కలిసి కలపకి వెళ్ళేవాళ్ళు. ఒకరోజు వడ్రంగి గొడ్డలి ఎత్తి వెయ్యబోతుంటే పిడి నుంచి ఇనుము ఊడి ఎగిరింది. పక్కన నిలబడి నీళ్ళు తాగుతున్న పెద్దన్న ఆ నీళ్ళు మింగనేలేదు. వడ్రంగి ఒట్టి పిడి చేతిలో పట్టుకుని ఇక్కడిదాకా పరుగెత్తాడు. ఊరి ముఖద్వారం, గవిని దగ్గర పెద్దలు ఆ పిడిని విడిపించడానికి అతని వేళ్ళు ఒక్కొక్కటే తెరవాల్సి వచ్చిందట. అప్పటినుంచి అతను గొడ్డలి ముట్టలేదు. ఎంత పెద్ద మానైనా రంపంతోనే.

పగ తీర్చుకోవలసిన దగ్గరి బంధువు ఎవరో కాదు, ఆమె తమ్ముడే. రాయికి బయట తమ్ముడి చెయ్యి లేస్తే ఆమెకి భర్త ఉండడు. రాయికి లోపల లేస్తే తమ్ముడు ఉండడు. అన్న ఎలాగూ లేడు.

సాయంత్రం ఆమె రొట్టెలో సగం తుంచుకుని, చెంబుతో నీళ్ళు పట్టుకుని హద్దు దగ్గరికి వెళ్ళింది. ఊరికి ఆ వైపు రాయి పక్కన ఒక మేడిచెట్టు ఉంది. మాను రాయికి లోపల. ఒక్క కొమ్మ మాత్రం, మనిషి తొడంత లావున, రాయి మీదుగా బయటికి చెయ్యి చాపినట్టు సాగి దారి మీద నీడ పరుస్తుంది. తమ్ముడు బాటసారుల సత్రంలో పడుకుంటాడు, పగలంతా ఆ నీడలో కూర్చుంటాడు. అన్న మొలలో ఉండే కత్తి, బెరడు ఒలిచే కత్తి, ఇప్పుడు అతని మొలలో ఉంటుంది.

"ఏంటక్కా, మొహం అలా ఉంది? బావ కొట్టాడా?"

"ఆయనా? దోమని కొట్టడానికి కూడా చెయ్యెత్తడు ఇప్పుడు."

"దోమల అదృష్టం" అన్నాడు తమ్ముడు. ఇద్దరూ నవ్వారు. నవ్వాక ఇద్దరికీ సిగ్గేసింది.

రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటుండగా దారి మీద ఒంటెల గంటలు వినిపించాయి. తమ్ముడు చూద్దామని సగం లేచి, ఎవరో భుజం పట్టి నొక్కినట్టు మళ్ళీ కూర్చుండిపోయాడు. ఆమెకి అర్థమైంది. నోట్లో ముద్ద ఉండగా లేవకూడదని పెద్దన్న పెట్టిన కట్టడి అది. తండ్రి లేని ఇంట్లో చిన్నవాళ్ళిద్దరినీ చెరో భుజం పట్టి కూర్చోబెట్టి, "నమిలి మింగాకే లోకం" అనేవాడు. వీపు మీద ఒక్కటి వేసిన రోజులూ ఉన్నాయి.

"పెద్ద యాజకుడికి జ్వరమట" అంది ఆమె.

"తెలుసు. ఒంటెలవాళ్ళు చెప్పారు." తమ్ముడు మింగాడు. "ఆయన పోతే బావ నా ముందునుంచే చేతులూపుకుంటూ ఇంటికి పోతాడు. నేను చూస్తూ కూర్చోవాలి. అన్న పోయి ఒంటరైన వదిన కూడా చూస్తూ కూర్చోవాలి."

"అమ్మేమంటోంది?"

"ఏమంటుంది? పని ముగించుకుని రా, అప్పుడు తలుపు తీస్తానంది. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారట. చెట్టుకింద కాపురం పెట్టాడని."

"నువ్వు చంపితే పెద్దన్న లేచొస్తాడారా?"

"ఆ మాట అమ్మని అడుగు. నన్ను కాదు."

తమ్ముడు తలెత్తి పైన ఉన్న కొమ్మవైపు చూశాడు.

"అక్కా, ఈ కొమ్మ ఎవరిది?"

"చెట్టుది. ఇంకెవరిది?"

అతను నవ్వాడు. ఈసారి నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆమె ఖాళీ చెంబు తీసుకుని వచ్చేసింది.

ఇంట్లో వడ్రంగి రంపం పళ్ళకి పదును పెడుతున్నాడు. రెండు మోకాళ్ళ మధ్య రంపం బిగించి, ఒక్కో పన్నూ వేలితో తడిమి చూసుకుంటూ. పని దొరికిన ఉత్సాహం అతని గొంతులో తెలుస్తోంది.

"బావి గిలక దూలం విరిగింది. ఊరంతా బొక్కెనలు పట్టుకుని మొత్తుకుంటున్నారు. రేపటికల్లా కొత్తది కావాలట."

"కలప ఎక్కడిది?"

"మేడికొమ్మ ఉందిగా, హద్దు దగ్గర. కొలిచినట్టు సరిపోతుంది."

ఆమె చేతిలో చెంబు గోడకి తగిలి మోగింది. "ఆ చెట్టు వద్దు."

"ఎందుకే? మాను రాయికి ఇవతలుంది. నేను మాను పంగలో కూర్చుంటా. కాలి బొటనవేలు కూడా రాయి దాటదు. కొమ్మకి తాడు కట్టి, తాడు మానుకి బిగిస్తా. తెగాక అది బయట పడకుండా వేలాడుతుంది, నెమ్మదిగా లోపలికి లాక్కుంటా. బయటపడితే నేను వెళ్ళి తెచ్చుకోలేను కదా?" అని తన ఉపాయానికి తానే మురిసిపోయాడు.

"వాడు కిందే ఉంటాడు."

"ఉండనీ. రాయికి ఇవతల ఉన్నవాణ్ణి వాడేం చేస్తాడు? నాకంటే వాడికే ఎక్కువ భయం." రంపం ఎత్తి వెలుగులో చూశాడు. "మీ తమ్ముడికి కాస్త ఎండ తగులుతుంది రేపటినుంచి, అంతే."

అతను చెప్పినదాంట్లో ఆమెకి తప్పు కనిపించలేదు. రాయి అక్కడే ఉంది, మాను ఇవతలే ఉంది. ఊరికి వచ్చిన కొత్తలో రోజూ పొద్దునే వెళ్ళి ఆ రాయిని చూసొచ్చేవాడు అతను, ఎవరైనా జరిపారేమోనని.

తెల్లారి ఆమె లేచేసరికి వడ్రంగి వెళ్ళిపోయాడు. మిగిలిన సగం రొట్టెను కొంగులో కట్టుకుని, కడవ తీసుకుని ఆమె గవిని వైపు బయల్దేరింది. ఊరి బావి గవిని పక్కనే ఉంది. విరిగిన దూలం చుట్టూ ఆడవాళ్ళు గుంపుగా నిలబడి, చేతి తాళ్ళతో నీళ్ళు చేదుకుంటూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. గవిని లోపల రాతి తిన్నె మీద గవిని పెద్ద కూర్చుని ఉన్నాడు. ఊరికి పారిపోయి వచ్చినవాళ్ళ మాట మొదట వినేది అతనే. హద్దుల తగాదాలు తీర్చేదీ అతనే.

"ఏమ్మా, మీ ఆయన దూలం ఎప్పుడిస్తాడు? ఈ ఆడవాళ్ళ నోళ్ళకి నా చెవులు చిల్లులు పడుతున్నాయి."

"ఈరోజే అయిపోతుందయ్యా. కొమ్మ కొయ్యడానికి పొద్దునే వెళ్ళాడు."

"ఏ కొమ్మ?"

"హద్దు దగ్గర మేడికొమ్మ."

గవిని పెద్ద చేతికర్ర తిన్నెకి ఆనించి ఉంది. అది పట్టుకుని లేచాడు. లేస్తూనే ముఖం మారిపోయింది.

"చెట్టెక్కాడా?"

"మాను పంగలో కూర్చుంటానన్నాడు. మాను రాయికి ఇవతలేగా అయ్యా?"

"అందరూ రాయినే చూస్తారు. పైకి ఒక్కడూ చూడడు. అమ్మాయ్, మాను ఎటున్నా సరే, కొమ్మ బయటికి వాలితే ఆ చెట్టు మొత్తం బయటిదే. మాను కూడా, వేరు కూడా. మా తాతల నుంచీ తీర్పు అదే. చెట్టుని ముట్టుకుని ఉన్నంతసేపూ మీ ఆయన ఊరి బయట ఉన్నట్టే."

"ఆ సంగతి మా తమ్ముడికి..."

"తెలుసు. మొన్న వచ్చి అడిగాడు. అడిగితే చెప్పాలిగా, చెప్పాను. ఎందుకడిగాడో అప్పుడు నాకు తట్టలేదు."

ఆమె కడవ అక్కడే పడేసింది. గవిని పెద్ద ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"విను. అరవకు. అరిస్తే మీ ఆయన కంగారుగా కిందికి దిగుతాడు. దిగినా మాను పట్టుకునే దిగాలి, మీ తమ్ముడి చేతుల్లోకే దిగాలి. ఆ కొమ్మ తెగి కింద పడిందా, బయటికి వాలింది ఇక ఏదీ ఉండదు. చెట్టు మనదవుతుంది. అప్పటిదాకా నీ తమ్ముణ్ణి ఎలాగో ఆపు. వెళ్ళు. నేనొస్తున్నా."

ఆమె పరుగెత్తింది. ఇళ్ళు దాటేదాకా పరుగెత్తి, చెట్టు కనబడగానే నడక పట్టింది. ఊపిరి అందడంలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, రోజూ వచ్చే మనిషిలాగే రావాలని చూసింది.

దూరం నుంచే రంపం చప్పుడు వినిపిస్తోంది. వడ్రంగి పంగలో కూర్చుని కొమ్మ మొదట్లో కోస్తున్నాడు. కొమ్మ నడుమ కట్టిన తాడు పై కొమ్మచీలిక మీదుగా వచ్చి మాను మొదట్లో ముడిపడి ఉంది. అతని ఎడమకాలు కిందికి వేలాడుతోంది. ఆ కాలి పక్కనే, రాయికి ఇవతల, తమ్ముడు మానుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ఇంతకాలంలో అతను రాయి దాటి ఇవతలికి రావడం ఆమె చూడలేదు. కత్తి మొలలో లేదు. చేతిలో ఉంది.

"చూశావుటే మీ తమ్ముణ్ణి!" పైనుంచి వడ్రంగి సంబరంగా పిలిచాడు. "ఇందాకట్నుంచి అలాగే నిలబడ్డాడు. మాట్లాడమంటే మాట్లాడడు. ఏం బామ్మర్దీ, నా కాలు అంత ముద్దుగా ఉందా? ముట్టుకో చూద్దాం. ముట్టుకుంటే నీ మెడ ఊరిపెద్దల చేతికి పోద్ది!"

తమ్ముడి దవడ బిగుసుకుంది.

"ఊరుకో అయ్యా, పని చూసుకో" అంది ఆమె. గొంతు మామూలుగా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. "బావి దగ్గర అందరూ నిన్నే తిడుతున్నారు."

"తిట్టనీ. గొడ్డలి ఎత్తనివాడికి ఆలస్యం కాక ఏమవుతుంది?"

రంపం మళ్ళీ మొదలైంది. ఆమె వచ్చి తమ్ముడి కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. కొంగు విప్పి సగం రొట్టె తీసింది.

"కూర్చో. తిను."

"తర్వాత."

"నిన్నటిది. ఎండిపోతోంది."

తమ్ముడు ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమె చెమట, ఎగసిపడుతున్న గుండె, దుమ్ము కొట్టుకున్న కాళ్ళు, అన్నీ చూశాడు. తనకి తెలిసింది అక్కకీ తెలిసిందని అతనికి అర్థమైంది. ఆమె రొట్టె చాపిన చెయ్యి అలాగే పట్టుకుని ఉంది.

"నన్ను చిన్నపిల్లాడిలా కట్టేద్దామనుకుంటున్నావా అక్కా?"

"తినమంటున్నాను. అంతే."

రంపం ఆగింది. పైన వడ్రంగి మెడ తుడుచుకుంటూ, "నాకు లేదా రొట్టె?" అన్నాడు.

"దిగాక పెడతా. కొయ్యి."

"ఏమిటే ఆ తొందర? కొమ్మేమన్నా పారిపోతుందా?" అని మళ్ళీ రంపం అందుకున్నాడు.

తమ్ముడు మెల్లగా కూర్చున్నాడు. కత్తి మోకాలి మీద పెట్టుకుని, రొట్టె తుంచి నోట్లో వేసుకున్నాడు. అతను నములుతుంటే ఆమె అతని గొంతునే చూస్తోంది. ఎప్పుడు మింగుతాడా అని కాదు, మింగకూడదని.

"ఎవరు చేశారు?"

"రొట్టెలమ్మ. కొడుకు బతకాలని పంచుతోంది."

"బతికితే నాకు ఇంకాస్త గడువు. పోతే బావకి విడుదల." తమ్ముడు ఇంకో ముక్క తుంచాడు. మొదటిది ఇంకా నోట్లోనే ఉంది. "నువ్వేం అడిగావు?"

ఆమె తలెత్తి రంపం వైపు చూసింది.

"పోవాలనే అడిగుంటావు."

"ఆఁ."

"నేనూ నీలాంటి కోరికే పెట్టుకుని కూర్చున్నాను. నాది చేతికందేంత దగ్గరలో ఉంది, అదే తేడా."

పైన వడ్రంగి కాలు అతని తల పక్కనే ఊగుతోంది. మడమ పగుళ్ళలో రంపపు పొట్టు ఇరుక్కుని ఉంది. ఆ పగుళ్ళకి తను కిందటి వారమే నూనె రాసిందని ఆమెకి గుర్తొచ్చింది.

ఒక్కసారిగా రంపం కీచుమని ఇరుక్కుంది. వడ్రంగి లాగాడు. రాలేదు. ఇటు లాగాడు, అటు నెట్టాడు.

"ఛీ! తాడు మరీ బిగించాను. కొమ్మ బరువంతా తాడు మీదే ఉంది, గాటు మూసుకుపోయి రంపాన్ని పట్టేసింది. కొంచెమే మిగిలింది తెగడానికి." కిందికి వంగి చూశాడు. "ఏమే, ఆ ముడి కాస్త వదులు చెయ్యి. లేకపోతే నేనే దిగుతా."

"వద్దు! దిగకు!"

ఆ కేకకి వడ్రంగి బిత్తరపోయాడు. ఆమె ఒక్క ఉదుటున ముడి దగ్గరికి పాకింది. కొమ్మ బరువుకి ముడి రాయిలా బిగుసుకుపోయింది. గోళ్ళతో పెరికింది, పళ్ళతో లాగింది. గోరు విరిగి రక్తం వచ్చింది. ముడి కదల్లేదు. వెనకనుంచి చప్పుడు వినిపించింది. తమ్ముడు ఆఖరి ముక్క మింగుతున్న చప్పుడు. తర్వాత అతను లేచి నిలబడ్డాడు.

ఆమె తల తిప్పలేదు. ముడి మీద చేతులు అలాగే ఉంచి కళ్ళు మూసుకుంది. అతని నీడ ఆమె మీద పడింది.

"చేతులు తియ్యక్కా."

"ఒరేయ్..."

"తియ్యి. తెగుతాయి."

ఆమె చేతులు తీసింది. తమ్ముడు తాడుని ఒక చేత్తో పట్టుకున్నాడు. రెండో చేత్తో పెద్దన్న కత్తి పెట్టి ఒక్కసారి లాగాడు.

తాడు కొరడాలా పైకి లేచింది. కొమ్మ విరిగిన చప్పుడుకి చెట్టులో ఉన్న పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. ఆకులూ కాయలూ దుమ్మూ కలిసి రాయి అవతల దారి మీద కూలాయి. పైన వడ్రంగి పంగని కౌగిలించుకుని ఊగి, నిలదొక్కుకున్నాడు. తర్వాత కొంతసేపు ఆకులు రాలుతూనే ఉన్నాయి. చెట్టు నెత్తిన ఆకాశం కొత్తగా కనబడింది. రాయి మీద ఎండ పడింది.

"అయ్యో అయ్యో!" వడ్రంగి అరిచాడు. "మంచి తాడురా అది! ముడి విప్పమంటే కోసేస్తావా? కొమ్మ కూడా అవతలపడింది! ఇప్పుడెవడు తెస్తాడు దాన్ని?"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక మానుకి తల ఆనించి, ఏడుస్తూ నవ్వింది. వడ్రంగి పైనుంచి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు, వీళ్ళకేమైందన్నట్టు.

తమ్ముడు కత్తి మొలలో పెట్టుకుని రాయి దాటి అవతలికి వెళ్ళాడు. పడ్డ కొమ్మ మొదలు రెండు చేతులతో ఎత్తి, కాళ్ళు తన్ని పట్టి, ఈడ్చుకుంటూ తెచ్చి రాయి ఇవతలికి నెట్టాడు. చేతుల దుమ్ము దులుపుకున్నాడు.

"అమ్మకేం చెప్తావురా?"

"కొమ్మ పడిపోయిందని చెప్తా."

"తలుపు తియ్యకపోతే?"

"గుమ్మంలో కూర్చుంటా. చెట్టుకింద కూర్చోవడం అలవాటైందిగా." రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు, "ఆ రొట్టెలో ఉప్పు తక్కువైందని ఆవిడతో చెప్పు."

అతను దారి మలుపు దాటేసరికి గవిని పెద్ద కర్ర పొడుచుకుంటూ, రొప్పుతూ వచ్చాడు. కొమ్మని చూశాడు, పైకి చూశాడు, రాయి మీద కూలబడ్డాడు. దిగి వచ్చిన వడ్రంగి ఆయన ముందు తాడు ముక్క ఊపుతూ, "పెద్దాయనా, మీరే తీర్పు చెప్పండి, కొత్త తాడు ఎవరివ్వాలి?" అన్నాడు. గవిని పెద్ద ఊపిరి తీసుకుని జరిగిందంతా అతనికి చెప్పాడు.

వడ్రంగి తాడు తెగిన కొసను చాలాసేపు చూశాడు. నునుపుగా, ఒక్క వేటుకి తెగిన కొస. తన ఎడమ మడమ ఒకసారి తడుముకున్నాడు. తర్వాత తాడు చుట్టి భార్య చేతికిచ్చి, కొమ్మ భుజానికెత్తుకున్నాడు. ఊరిలోకి వెళ్ళేదాకా ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు.

గవిని దగ్గర రొట్టెలమ్మ గాడిద మీద ఖాళీ మూటలు సర్దుకుంటోంది. ఎండెక్కేలోపు దారి పట్టాలని తొందరలో ఉంది. వడ్రంగి భార్యను చూసి, నిన్నటి మౌనం గుర్తొచ్చినట్టుంది, ఏమీ అడగకుండా తల తిప్పుకుంది. వడ్రంగి భార్యే దగ్గరికి వెళ్ళింది. విరిగిన గోరు చుట్టూ కొంగు చుట్టుకుని ఉంది.

"పెద్దమ్మా, మీ అబ్బాయికి జ్వరం ఏ పూట ఎక్కువవుతుంది?"

ముసలావిడ తలెత్తి చూసింది. "సాయంత్రం పూటమ్మా. దీపాలు పెట్టే వేళకి ఒళ్ళు కాలిపోతుంది."

కొమ్మ భుజం మీద పెట్టుకుని కొంచెం దూరంలో ఆగిన భర్తవైపు ఆమె ఒకసారి చూసింది. ఆ జ్వరం తగ్గితే అతను ఇంకా ఎంతకాలం ఈ రాళ్ళ మధ్య ఉండాలో ఆమెకి తెలియదు.

"అయితే సాయంత్రం పూట అడుగుతాను" అంది.